ఏరుపల్లి రేవున రెండు రేట్లు

ముత్తవ్వను మనం పోయిన వారం గోదావరి ఒడ్డున, మూడు రాళ్ల పొయ్యి ముందు, పొగకు కళ్లు తుడుచుకుంటుండగా వదిలి వచ్చాం. ఆమె అక్కడిదాకా ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆమె ఊరు ఏరుపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద మునిగి నాలుగేళ్లయింది. ఊరివాళ్లను లారీలెక్కించి తీసుకుపోయి ఎడపల్లి పక్కన, చెరుకు తోటల నడుమ కాలనీ కట్టి దింపారు. సొంత చేలల్లో పసుపు పండించిన చేతులు ఇప్పుడు పరాయి చేలల్లో చెరుకు నరుకుతున్నాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు మాత్రం ఏరుపల్లి మిట్ట కొన్నాళ్లు బయటపడుతుంది. మొండి గోడలు, గుడి మంటపం, వాటితోపాటు పోచమ్మ గద్దె.

ఆ గద్దె కోసమే వచ్చింది ముత్తవ్వ. కూతురు అంజవ్వకు చిన్నప్పుడు అమ్మవారు పోసి ప్రాణం మీదికి వస్తే, 'పిల్లను దక్కించు తల్లీ, పెళ్లికి ముందు నీ గద్దెకాడికే బోనం తెస్తాను' అని మొక్కింది. పిల్ల దక్కింది. వచ్చే శుక్రవారమే పెళ్లి. కాలనీలో పందిరి కూడా పడింది. 'కొత్త పోచమ్మను నిలుపుకున్నాం కదా, ఆమెకే పెట్టరాదా' అని ఇరుగుపొరుగు ఎంత చెప్పినా ముత్తవ్వ వినలేదు. మొక్కిన తల్లి ఒకరు, తిన్న తల్లి ఒకరా అంది. ఒకప్పుడు ఊళ్లో పటేలుగా చలామణి అయిన మొగుడు ఆశన్ననూ, కూతురినీ వెంటబెట్టుకుని బస్సులు మారి నందిపేటకు, అక్కడినుంచి కాలినడకన రేవుకు వచ్చింది.

ఇక్కడినుంచి ఈ వారం సంగతి.

అన్నం పొంగింది. ముత్తవ్వ కొత్త కుండకు సున్నం బొట్లు, పసుపు బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, మీద దీపం ముట్టించి నెత్తికెత్తుకుంది. ఎత్తిన బోనం గద్దె దగ్గరే దించాలి. నడుమ దించితే మొక్కు చెడుతుంది. కుండ బరువుకు మెడ గట్టిపడింది. ఆమె మాత్రం కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని, పెళ్లికూతురి కంటే హుషారుగా రేవు వైపు నడిచింది.

రేవు నిండా జనం. ఎమర్జెన్సీ పోయిన ఎండాకాలం అది. మనుషులకు ఎక్కడికైనా పోయి ఏదైనా చూడాలని ఒకటే ఉబలాటం. మునిగిన ఊరు తేలిందని ఏదో పత్రికలో ఫోటో పడిందట. ఇంకేం! నిజామాబాదు నుంచి జీపులు, హైదరాబాదు నుంచి అంబాసిడర్లు. టిఫిన్ క్యారియర్లు, ట్రాన్సిస్టర్లు, మెడలో కెమెరాలు. ఒకరి కొంప మునిగితే ఇంకొకరికి వనభోజనం. అలా రాసినందుకు కొందరు పాఠకులు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోనివ్వండి.

ఆ రేవును ఈ ఏడు హర్రాజులో పాడుకున్నవాడు లక్ష్మీరాజం. నిజామాబాదు మనిషి. తాటిపత్రి గుడారం కింద కుర్చీ వేసుకుని, పక్కన సోడాబుడ్ల పెట్టె పెట్టుకుని, కంచు గొంతుతో కేకేస్తున్నాడు.

"మునిగిన ఊరు సూడుండ్రి! మల్ల వానలు వడితే కనవడది! చుట్టుపక్కలోళ్లకు పావలా, వచ్చిపోయేటోళ్లకు రెండు రూపాయలు! జల్ది ఎక్కుండ్రి!"

పైకి చూస్తే ఈ లెక్కలో తప్పేమీ లేదు. ఒడ్డునున్నవాళ్లు గడ్డికో, పుచ్చకాయల చెలకకో రోజూ దాటవలసినవాళ్లు. వాళ్ల దగ్గర పావలా చాలు. కారులో వచ్చి ఫోటో తీసుకుని పోయేవాడు రెండు రూపాయలిస్తే అరిగిపోడు. నేనైనా అదే పెడుదును. కానీ ఎవరు చుట్టుపక్కలవాళ్లు, ఎవరు వచ్చిపోయేవాళ్లు? ఇది ఎవరు చెప్పాలి? టౌను మనిషి లక్ష్మీరాజానికి ఈ ఒడ్డున ఒక్క మొఖమూ తెలియదు. అందుకని అతను ఒక ఏర్పాటు చేసుకున్నాడు. మనిషి ముందుకు రాగానే, పడవ మీద నిలబడ్డ సాయన్న వైపు చూసి "ఎవరు?" అంటాడు. సాయన్న "మనోళ్లే" అంటే పావలా. "వచ్చిపోయేటోళ్లు" అంటే రెండు రూపాయలు. సాయన్న నోటి మాటకు అప్పీలు లేదు.

సాయన్నను చూడగానే ముత్తవ్వ మొఖం విప్పారింది. ఏరుపల్లి గంగొడ్డున పుట్టి పెరిగినవాడు, ఇక్కడివాళ్లకు గోదావరే గంగ. తాతల కాలం నుంచి వాళ్లదే పడవ, వాళ్లదే వల.

"సూడు, మన సాయన్ననే ఉన్నడు! ఇగ మనకేం ఫికర్ లేదు," అంది మొగుడితో.

ఆశన్న సంతోషపడలేదు సరికదా, భుజం మీది తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నాడు. "రెండు రూపాయల లెక్కన పడేసి పోదాం పట్టు. ఊకె లొల్లి ఎందుకు?"

"లొల్లేంది? ఎవలు లొల్లి సేస్తున్నరు? మన ఊరికి మనం పోతానికి రెండు రూపాయలెందుకిస్తం?" అని ముత్తవ్వ ముందుకు నడిచింది.

లక్ష్మీరాజం ఆమెనూ, వెనక ఉన్న ఇద్దరినీ చూశాడు. పడవ వైపు తిరిగాడు. "ఎవరు సాయన్నా?"

సాయన్న తెడ్డు మీద ఆనుకుని చాలాసేపు చూశాడు. ముత్తవ్వ నవ్వింది. సాయన్న నవ్వలేదు.

"వచ్చిపోయేటోళ్లు," అన్నాడు.

ముత్తవ్వకు మొదట ఆ మాట తన గురించే అని తట్టలేదు. వెనక ఎవరైనా ఉన్నారేమో అనుకుంది. లక్ష్మీరాజం చెయ్యి చాపి "ముగ్గురికి ఆరు రూపాయలు" అన్నాక గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆమె గొంతు రేవు అవతలికి వినిపించింది.

"ఎవలు వచ్చిపోయేటోళ్లు? సాయన్నా, కండ్లు గిన వోయినయారా నీకు? గా మిట్ట మీద గుడి పక్కన నిలవడ్డ గోడ ఎవలిది? నా మామ కట్టిన ఇల్లు గాదా? గా మంటపం కాడ అంజవ్వకు ఊయల గట్టలేదా? నేను గీడికి తమాషా సూడనొచ్చిన్నా? నా పోచమ్మకు బోనం తెచ్చిన!"

లక్ష్మీరాజం విసుక్కున్నాడు. "చూడమ్మా, ఊరు ఇప్పుడు సర్కారుది. సర్కారు దగ్గర పైసలు తీసుకున్నరు, ఖాళీ చేసి పోయిండ్రు. అమ్ముకున్న బర్రెకు మల్ల పాలు పిండుకుంటమంటే ఎట్ల?"

"అమ్ముకున్నమా? ఎవలు అమ్ముకున్నరయ్యా? నీళ్లు దెచ్చి ఇంట్లకు ఇడిసి, ఇగ నడువుండ్రి అని లారీ ఎక్కిచ్చుడు అమ్ముకునుడా? నీ ఇంట్లకు నీళ్లు వదులుత, సేతుల నాలుగు పైసలు వెడుత, రేపు నీ గడప సూడనొస్తివంటే రెండు రూపాయలు గుంజుత. ఇస్తవా?"

జనంలో కొందరు నవ్వారు. ఒకాయన బాగా కనిపించడానికి పక్కకు జరిగి కెమెరా ఎత్తాడు. నెత్తి మీద బోనం, బోనం మీద దీపం, కింద కోపంతో అదురుతున్న ఆడమనిషి. రెండు రూపాయలకు ఇంత చూస్తామని ఆయన అనుకుని ఉండడు. ఆయన భార్య కాబోలు, సుమిత్రమ్మ అనే హైదరాబాదావిడ, కెమెరాను చేత్తో కిందికి దించేసింది. మంచి మనిషి. ముత్తవ్వ దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"ఎండలో ఎంతసేపని నిలబడతారమ్మా? ఆ కుండ కాస్త దించుకోండి. ఆ డబ్బులు నేనిస్తాను."

"ఎత్తిన బోనం దించద్దు బిడ్డా," అంది ముత్తవ్వ. మంచితనం ఎదురయ్యేసరికి ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నీ మనసు సల్లగుండ. పైసలు లేక గాదు. నా మొగని అంగి జేబుల ఉన్నయి. కని అవి గాయిన సేతుల వెడితే, నేను నా ఊరికి పరాయిదాన్నని నేనే ఒప్పుకున్నట్టు. గది నాతోని గాదు."

సుమిత్రమ్మ పక్కకు తప్పుకుంది కానీ అక్కడినుంచి పోలేదు.

అప్పుడు సాయన్న తెడ్డును పడవలో పడేసి నీళ్లలోకి దిగాడు. మోకాటిలోతులో నడుచుకుంటూ వచ్చి ముత్తవ్వ ఎదురుగా నిలబడ్డాడు. నాలుగేళ్లలో మనిషి సగమయ్యాడు. గడ్డం నెరిసింది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నిన్ను గుర్తువట్టక గాదు. నువ్వు కొత్త పెండ్లిపిల్లవై వచ్చినప్పుడు నిన్ను గీ గంగ దాటిచ్చింది మా బాపు. అంజవ్వకు అమ్మ వోస్తే, నట్టగంగల నుంచి సల్లటి నీళ్లు ముంచి మీ గడపకు మోసింది నేను."

"గంత యాదికుండి గూడ గా మాటెట్ల వచ్చిందిరా నీ నోటికి?"

"యాదికుంది గాబట్టే వచ్చింది. గా మాట నాది గాదక్కా, నేను ఇన్న మాట. నాకు ఇనిపిచ్చినోన్ని అడుగు. నీ ఎనుకనే ఉన్నడు."

ఆశన్న తల దించుకుని కాళ్ల కింద ఇసుకను చూస్తున్నాడు.

"మునిగేటోళ్ల పేర్లు రాసుకోను సర్వే ఆఫీసరు వచ్చిన దినం యాదికి తెచ్చుకో," అన్నాడు సాయన్న. ముత్తవ్వతో మాట్లాడుతున్నా చూపు ఆశన్న మీదే ఉంది. "చావడి ముందట కుర్సీలేసుకొని కూసుండ్రు. నేను షాపల గంప నెత్తిన వెట్టుకొని పక్కన నిలవడ్డ. ఆఫీసరు గంగొడ్డు మీది మా గుడిసెలు సూపెట్టి 'వీళ్లు కూడా ఏరుపల్లివాళ్లేనా' అని అడిగిండు. నాకు దడ పుట్టలే. ఆశన్న పటేలు ఉన్నడు గదా, సెప్తడు అనుకున్న. సెప్పిండు. 'ఆళ్లు ఊరోళ్లు గారు సారూ, ఏటికి వచ్చిపోయేటోళ్లు' అని సెప్పిండు. నా మొఖం సూసుకుంటనే సెప్పిండు."

సోడాబుడ్డి కొట్టే పిలగాడు గోలీ నొక్కకుండా ఆగాడు.

"పోచమ్మకు తొలి బిందె వోసేది ఎవలక్కా? మేము. మేము గంగ నీళ్లు తెచ్చి గద్దె కడగందే మీ బోనాలు దిగేటియి గావు. వానకాలం నడిజాము గాని, పురుడు గాని, పీనుగ గాని, దాటియ్యమంటే దాటిచ్చినం. ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య. మీరు లారీలెక్కిండ్రు. మా గుడిసెలు మునిగినయి, మేము గీ ఒడ్డున తుమ్మకంపల వడ్డం. జాగ లేదు, పైస లేదు. ఎవన్నడిగినా ఒక్కటే అంటున్నడు, 'మీరు ఏ ఊరోళ్లని రాసి లేదు' అని. నాలుగేండ్ల సంది నేను ఏ ఊరోన్నో నాకు తెల్వది. ఇయ్యాల నువ్వొచ్చి, నీ ఊరికి నిన్ను పరాయిదాన్ని సేసిన్నని నన్ను తిడుతున్నవు."

కొద్దిసేపటి క్రితం దాకా న్యాయమంతా తన వైపే ఉందని ముత్తవ్వ నిండు మనసుతో నమ్మింది. లక్ష్మీరాజం మీద, సాయన్న మీద, సర్కారు మీద విడివిడిగా కోపం తెచ్చుకుంది. ఇప్పుడా కోపానికి పోవడానికి ఒకే దారి మిగిలింది. నెత్తి మీద బోనంతో మెడ తిప్పరాదు. మనిషి మొత్తంగా మెల్లగా వెనక్కి తిరిగి మొగుడికి ఎదురు నిలబడింది.

"అన్నవా?"

"గప్పుడు అందరు ఏమనుకున్నరంటే, లిస్టుల పేర్లు తక్కువైతే మనకే జాగ ఎక్కువ..."

"అందరి సంగతి నేనడగలే. నువ్వు అన్నవా?"

"అన్న," అన్నాడు ఆశన్న.

మనిషికి కోపమొస్తే అరవవచ్చు. సిగ్గేస్తే ఏం చేస్తాం? నలుగురి ముందు, అందులోనూ కూతురి ముందు, ఇంతసేపూ గొంతు చించుకుని తాను అడిగిన న్యాయమే ఈ సాయన్న నాలుగేళ్ల కింద అడగలేక గంప నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఆ సంగతి తలచుకుంటే ముత్తవ్వకు తన మొగుడి మీద అసహ్యమే వేసింది. ఆ మాట ఇక్కడ దాచవలసిన అవసరం లేదు.

లక్ష్మీరాజం కుర్చీలోంచి లేచాడు. "మీ పంచాయితీ మీరు తర్వాత చేసుకోండ్రి. పడవ నిండింది. సాయన్నా, ఆళ్లు ఎవరో ఒక్కటి ఫైసలా చెయ్యి. పావలానా, రెండు రూపాయలా?"

"పైస ముట్టద్దు," అన్నాడు సాయన్న. "బోనం మోసుకొచ్చినోళ్ల దగ్గర మా బాపు ఎన్నడు పైస ముట్టలే. నేను ముట్ట. నా కూలిల పట్టుకో." అని ముత్తవ్వ వైపు తిరిగాడు. "అక్కా, మనోళ్లే అని నేను అంట. గట్టిగ అంట. ఒక్కటే షర్తు. గద్దెకాడ తొలి బిందె నేను వోస్త. పోసినంక ఆశన్న పటేలు పోచమ్మ మీద సెయ్యి వెట్టి, గంగొడ్డు గుడిసెలు ఏరుపల్లియే అని నలుగురు ఇనంగ సెప్పాలె. కచ్చీర్ల మా అర్జీ ఇంక నడుస్తున్నది. ఊరి పెద్దమనిషి ఒక్కడు సెప్తే సాలంటున్నరు. ఆయిన సెప్తే మేం ఊరోళ్లమైతం. మేం ఊరోళ్లమైతే గదా, మీరు ఊరోళ్లని సెప్పే హక్కు నాకుండేది?"

"సెప్తడు," అంది ముత్తవ్వ. "ఎందుకు సెప్పడు? నేను సెప్పిస్త."

అలా అని నీళ్లలోకి దిగింది. అంజవ్వ తల్లి నడుం పట్టుకుని నడిపించింది. సుమిత్రమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేతులందించి బోనం ఒరగకుండా పడవలోకి ఎక్కించారు. ఎవరూ చెప్పకుండానే ముందు బల్ల ఖాళీ చేశారు. ముత్తవ్వ మిట్ట వైపు మొఖం పెట్టి నిటారుగా కూర్చుంది. దూరాన తన ఇంటి గోడ కనిపిస్తోంది. దాని మీద ఎవరో చొక్కాలు ఆరేశారు.

ఆశన్న మాత్రం మోకాటిలోతు నీళ్లలో పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కలేదు.

"ఎక్కు పటేలా," అన్నాడు సాయన్న.

ఆశన్న కదల్లేదు. లక్ష్మీరాజం ఒడ్డు మీది నుంచి "నూకు, నూకు!" అని అరుస్తున్నాడు. సాయన్న పడవెక్కి, తెడ్డు ఇసుకలో ఆనించి నెట్టాడు. పడవ మెల్లగా కదిలింది. అంచు పట్టుకున్న ఆశన్న దాంతోపాటే నడుం లోతుకు వచ్చాడు.

పొద్దుటినుంచీ నోరు విప్పని అంజవ్వ వంగి తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఎక్కు బాపూ. ఒక్క మాటనే గదా. సెప్పేస్తే అయిపాయె. నా లగ్గం ముందు గీ మైల మనకెందుకు?"

"గొక్క మాటనే అయితే ఎప్పుడో ఎక్కుదు బిడ్డా," అన్నాడు ఆశన్న.

ముత్తవ్వ వెనక్కి తిరగలేదు. తిరగడానికి వీలు లేదు కూడా. "ఇంకేమున్నది?" అని ముందుకే చూస్తూ అడిగింది.

నీళ్లు ఆశన్న అంగి జేబు దాకా వచ్చాయి.

"సాయన్న ఊరోడు గాదని నేనన్నా ఆఫీసరు ఇనలే. ముసలాయిన, మంచోడు. ఎడపల్లిల సాయన్నకు గూడ ఒక జాగ తీసిండు. గది సాయన్నకు తెల్వది. వాడు గంగను ఇడిసి రాడు సారూ అని సెప్పి, గా జాగ గూడ నేనే తీసుకున్న." అతను కూతురి వైపు చూశాడు. "ఇప్పుడు మనం అంజవ్వ పెండ్లికి పందిరేసిన జాగ మనది గాదు ముత్తవ్వా. సాయన్నది."

అంజవ్వ చెయ్యి తండ్రి చేతిలోంచి జారిపోయింది. అంచు పట్టు తప్పిన ఆశన్న నీళ్లలోనే నిలబడిపోయాడు. పడవకూ అతనికీ నడుమ బారెడు నీళ్లు వచ్చాయి.

సాయన్న తిడతాడని, తెడ్డెత్తి కొడతాడని అందరూ అతన్నే చూస్తున్నారు. అతను తిట్టలేదు. తెడ్డును నీళ్లలోంచి పైకి తీసి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. ముందు బల్ల మీద బోనంతో కూర్చున్న ముత్తవ్వ వీపును చూస్తూ అడిగాడు.

"అక్కా, ఇగ నువ్వే సెప్పాలె. పడవ ముందటికి పోనియ్యాల్నా, ఎనుకకు తిప్పాల్నా?"